నాలుగో పెట్టె

మా ఊళ్ళో అందరూ అతన్ని మైకు ఏసేపు అనేవాళ్ళు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చెట్టుకు బూరలు కట్టేవాణ్ణి మైకువాడు అనండి, కాదనను. రేడియో వెనక అట్ట విప్పి, ఏ వాల్వు చచ్చిందో, ఏ అతుకు ఊడిందో కూర్చున్నచోటే చెప్పగలవాణ్ణి పట్టుకుని మైకు అంటే ఎట్లా? యుద్ధంలో నాలుగేళ్ళు సిగ్నల్ పటాలంలో ఉండి, బర్మా అడవుల్లో వైర్‌లెస్ పెట్టెలు మోసి, వాటిని బాగుచేసి తిరిగొచ్చిన మనిషి. పుస్తకం ముందర పెట్టుకుని సొంత చేతుల్తో ఆంప్లిఫయర్ బిగించిన మనిషి. అయితేనేం, ఊరికి మైకే.

ఏసేపు ఇల్లు ఊరి బయట కిరస్తానీ పేటలో. జాతరకైనా, పెళ్ళికైనా, ఓట్ల మీటింగుకైనా అతనే రావాలి. కోయిలకుంట్ల దాకా బండి కట్టి పిలుచుకుపోయేవాళ్ళు. పనంతా వీధిలోనే. ఎవరింట్లో రేడియో చెడినా దాన్ని గుడ్డలో చుట్టి బయటి అరుగు మీదికి తెచ్చిపెట్టేవాళ్ళు. అతను ఎండలో కూర్చుని బాగుచేసేవాడు. లోపలికి తీసుకుపోయాక అది మళ్ళీ మూగపోయేది. రోగం ఒక్కోసారి రేడియోలో ఉండదు, లోపలి గోడమీది కరెంటు తీగలో ఉంటుంది. అది చూడాలంటే గడప దాటాలి. దాటనివ్వరు. అంతే సంగతి.

"చిన్నన్నా, ఈ ఊర్లో నా సద్దు పోని ఇల్లు లేదు. నేను పోయిన ఇల్లూ లేదు," అన్నాడట ఒకసారి మా ఆయనతో. నవ్వుతూనే అన్నాడట. మా ఆయనకు నవ్వు రాలేదు.

ఆ మాట అన్న ఏడాదే కోలారు బంగారు గనుల్లో పనిచేసే అతని తమ్ముడు ఉత్తరం రాశాడు. ఇక్కడ కరెంటు మేస్త్రీ పని ఖాళీ ఉంది, నెలలోపల వచ్చేయ్ అని. ఏసేపుకు పోవడం ఇష్టం లేదు. ఈ ఊరంటే అతనికి అంత అభిమానం ఎందుకో ఆ ఏసుప్రభువుకే తెలియాలి. ఒక్క ఇల్లు లోపలికి పిలిచి పని చెప్తే చాలు, మిగతా ఇళ్ళు అవే పిలుస్తాయి, అప్పుడు ఊళ్ళోనే మేస్త్రీగా బతకొచ్చని అతని ఆశ. ఆ ఒక్క ఇల్లూ మాదైంది.

నా పేరు ఉరుకుందమ్మ. పుట్టింది ఆదోని పక్క. పెళ్ళై జమ్మలమడుగుకు ఇవతల ఉన్న ఈ నేతవాళ్ళ ఊరికి వచ్చాను. డబ్బులను దుడ్లు అన్నానని మా అత్త తిరుపతమ్మ మొదటి ఏడాదంతా నన్ను కన్నడ కోడలా అని పిలిచింది. నేనూ ఊరుకునే రకం కాదు. మా ఇద్దరికీ మాటకు మాట నడుస్తూనే ఉండేది. అట్లాగని మా మధ్య ప్రేమ లేదనుకునేరు, అదీ ఉండేది.

మా ఇంట్లో ఆరు గుంత మగ్గాలు. ముందు పడసాలలో రెండు, పక్క గదిలో రెండు, వెనక గదిలో రెండు. గుంత మగ్గం అంటే తెలుసు కదా, నేసేవాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వదిలి, దాని అంచున కూర్చుంటాడు. వెనక గదికీ వంటింటికీ మధ్య నడిమిల్లు. అక్కడ మగ్గం ఉండదు. అత్తా నేనూ కూర్చుని రాట్నం మీద నూలు కండెలకు చుట్టేవాళ్ళం. దేవుడి పటాలూ, తాగే నీళ్ళ కడవలూ అక్కడే.

1957లో మా వీధికి కరెంటు వచ్చింది. వచ్చిన నెలకే మా ఆయన చిన్నన్న కడపకు పోయి రేడియో తెచ్చాడు. మొగుడి పేరు చెప్పిందని నవ్వుకుంటే నవ్వుకోండి, ఈ వయసులో నాకేం సిగ్గు. దాన్ని పడసాలలో పెట్టారు. అది నోరు తెరిస్తే చాలు, మిగతా గదులవాళ్ళు మగ్గం దిగి వచ్చి దాని ముందు కూర్చునేవాళ్ళు. పాటలకు లేచేవాళ్ళు, వార్తలకు లేచేవాళ్ళు, ఆఖరికి వాన పడదని చెప్పడానికీ లేచేవాళ్ళు. మా సీమలో వాన పడదని చెప్పడానికి రేడియో కావాలా? మా దగ్గర కూలికి నేసే గిడ్డయ్య అయితే పొద్దున్నే వచ్చి మగ్గం కంటే ముందు రేడియోకు దండం పెట్టేవాడు. నడిమింట్లో ఉన్న మాకు మాత్రం ఒక్క ముక్క వినపడేది కాదు. మా గురించి అడిగిందెవరు?

మా బావ నరసన్న ఇంటికి పెద్ద. మాటలు తక్కువ. పది రోజులు చూశాడు. పదకొండో రోజు అందర్నీ పిలిచాడు.

"మగ్గాలు ఆగిపోతాండాయి. రేడియో ఉండాలంటే ఎవురి మగ్గం కాడ వాళ్లు కూసోని ఇనేటట్ల చేయండి. కాదంటే కడపకు తిరిగి పంపండి."

మా ఆయన అప్పటికప్పుడు పోయి ఏసేపును పిలుచుకొచ్చాడు. అరుగు మీదే మాటలు. తలుపు చాటున నేనూ అత్తా.

"రేడియోకు ఒక గదికి సరిపోయే బలమే ఉంటాది నరసన్నా," అన్నాడు ఏసేపు. "దాన్నే నాలుగు గదులకు పంచితే ఒక మోట నీళ్లు నాలుగు చేన్లకు కట్టినట్లే, ఏదీ తడవదు. నడాన ఒక ఆంప్లిఫయర్ మిషను పెట్టాల. రేడియో సద్దును అది పెంచి పంపిస్తాది. గదికొక స్పీకరు పెట్టె."

"ఎంత బలంది పెట్టాల?" అన్నాడు బావ.

"నా దగ్గర రెండుండాయి. ఒకటి నేను బిగించిన చిన్నది, పది వాట్లు. ఇంగొకటి జాతరకు తెచ్చేది, దానికి నాలుగింతలు."

"జాతరదే పెట్టప్పా!" అన్నాడు మా ఆయన. "ఊరంతా ఇనపడాల."

"కడతాండేది ఊరికి కాదు చిన్నన్నా, ఇంటికి. ముందు చిన్నది పెట్టి చూద్దాం."

ఇంతలో మా అత్త తలుపు చాటు నుంచే గొంతు పెంచింది. "ఏమన్నా కట్టుకోండి. నడిమింట్లోకి మాత్రం వాడు రాగూడదు. నీళ్ల కడవలుండాయి, దేవుడుండాడు."

ఏసేపు విన్నాడు. తల వంచుకుని చేతిలోని వైరు చుట్టను ఊరికే విప్పి మళ్ళీ చుట్టాడు. నాకు తల కొట్టేసినట్లయింది. బావ "అయితే మూడు గదులకే కట్టు," అన్నాడు.

"అదేం న్యాయం బావా?" అన్నాను నేను. అరుగు మీద పరాయి మగవాళ్ళుండగా కోడలు నోరెత్తడం ఆ ఇంట్లో అదే మొదలు. "మావి చెవులు గావా? నడిమింట్లో పెట్టె నేను కడతా. ఆయన గడప అవతల నిలబడి చెప్తే చాలు."

అత్త నన్ను కొరకొర చూసింది. బావ మాత్రం "సరే, కానీ" అన్నాడు. ఏసేపు తలెత్తి తలుపు వైపు ఒకసారి చూశాడు.

అమావాస్య నాడు రమ్మన్నారు. అమావాస్యకు మేము మగ్గం ముట్టం, తాతల నాటి నుంచీ అంతే. మగ్గాలు ఆగి ఉంటాయి, గోడలకు మేకులు కొట్టుకోవచ్చు, వైర్లు లాగొచ్చు అన్నాడు బావ. తెలివైన మాటే అనుకున్నాం అందరం. నేనూ అనుకున్నాను, అబద్ధమెందుకు.

ఆ పొద్దున ఏసేపు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పడసాల గడప దగ్గర చెప్పులు విడిచి, ఆగాడు. "రా అప్పా," అన్నాడు బావ. అప్పుడు వచ్చాడు. సబ్బుల కొయ్యపెట్టెల్లో స్పీకర్లు బిగించి, దూది దుమ్ము పోకుండా ముందర పలుచని గుడ్డ కొట్టి తెచ్చాడు. ఒక్కో పెట్టెకు సద్దు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ ఒక బిరడా. జాతరల్లో కొమ్మలకు కట్టి అలవాటైన చేయి కదా, మూడు గదుల్లోనూ నిచ్చెన వేసుకుని పైన దూలాల పక్కన కట్టాడు. ఎంత ఎత్తులో కడితే అంత దూరం వినపడుతుందని అతని లెక్క.

నాలుగో పెట్టెను వెనక గది గడప మీద పెట్టి తను ఇవతల నిలబడ్డాడు.

"అమ్మా, వైరు కొనలు రెండూ గీకి రాగి బయటికి తియ్యి. ఆ రెండు స్క్రూల కింద చుట్టి బిగించు. ఒకటి ఇంగొకదానికి తగలగూడదు."

"తగిల్తే ఏమైతాది?"

"ఇంటి మొత్తానికీ నోరు పడిపోతాది."

"అట్లనా! అయితే మా అత్తకు గూడా ఒకటి బిగించి చూస్తా ఉండు."

ఏసేపు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. అత్త పక్కనే రాట్నం తిప్పుతోంది. విననట్లు మూతి ముడుచుకుంది.

స్క్రూలు బిగించాను. అబ్బో, ఎంత సంబరమో! ఇరవయ్యేళ్ళు కండెలు చుట్టిన చేతికి రాగితీగ చుట్టడం ఒక లెక్కా. "ఇంగ పైన దూలం పక్కన మేకుకు తగిలించమ్మా," అన్నాడు. అక్కడ వచ్చింది చిక్కు. నేను పొట్టిదాన్ని. మేకుండే మూల గడప దగ్గరికి కనపడదు. పీట మీద పీట వేసుకున్నా అందలేదు. నేనే కడతానని అంత గొప్పలు పోయి, మళ్ళీ మగవాళ్ళను పిలవడమా? కరెంటు వచ్చాక ఇంట్లో దీపపు గూళ్ళన్నీ ఖాళీ. అదే మూలన, నా రాట్నం పక్కన గోడలో ఉన్న గూట్లోకి పెట్టెను తోశాను. చక్కగా పట్టింది.

"తగిలించినావామ్మా?"

"ఆ, అయింది," అన్నాను.

చిన్న మిషను పెట్టాడు. రేడియో తిప్పాడు. నాలుగు గదుల్లోనూ పాట మనిషి పక్కన కూర్చుని పాడినట్లు వినిపించింది. గిడ్డయ్య గది నుంచి గదికి తిరిగి చూసి ముక్కున వేలేసుకున్నాడు. మా ఆయన ఇంకా పెద్ద మిషను మీదే ప్రాణం పెట్టుకుని, "అది గూడా ఒకసారి పెట్టి చూద్దామా?" అన్నాడు. "ఇంట్లోకి ఇదే శానా," అన్నాడు ఏసేపు. అతని ముఖం ఎంత వెలిగిపోతోందంటే, అంత సంతోషం ఏ పెళ్ళికొడుకు ముఖంలోనూ నేను చూడలేదు. కోలారు తమ్ముడికి రానని రాసేస్తానని మా ఆయనతో అని వెళ్ళాడు.

మర్నాడు పాడ్యమి. తెల్లవారగానే ఆరు మగ్గాలూ మొదలయ్యాయి. అంతే. రేడియో పాడుతోందో లేదో ఎవరికీ తెలియలేదు.

ఏసేపు పరుగున వచ్చాడు. "పెట్టె గుడ్డ అదురుతాండాది ఏసేపన్నా, మాట మాత్రం రాల్యా," అన్నాడు గిడ్డయ్య మగ్గం ఆపకుండానే. చూడండి మా తెలివి. పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్య పెరిగినవాళ్ళం. ఆ చప్పుడు మాకు చప్పుడే కాదు. అందుకే అమావాస్య నాడు మగ్గాలు ఆపి పరీక్ష చేస్తున్నామని ఒక్కరికీ తోచలేదు. పాపం ఏసేపుకేం తెలుసు? వాళ్ళకు సెలవంటే ఆదివారం. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎందుకుందో అతను అడగలేదు, మేము చెప్పలేదు.

"రేపు పెద్దది తెస్తా అన్నా," అన్నాడు బావతో.

విదియ నాడు జాతర మిషను వచ్చింది. ఇద్దరు పట్టి దించారు. వాల్వులు వేడెక్కగానే ముందు గుంయ్ మని ఒక సద్దు, ఆ తర్వాత పాట. అది పాటా? ఓరి నాయనో, గోడల మట్టి రాలింది. మా అత్త చెవులు మూసుకుని, "ఇది రేడియోనా, రాకాసినా?" అని కేకలు పెట్టింది. నేను మా పెట్టె బిరడా పూర్తిగా తగ్గించేశాను. మగ్గాల దగ్గర మాత్రం అందరూ సంతోషంగా వింటూ నేస్తున్నారు. మా ఆయన అయితే, నేను చెప్పలేదా అన్నట్లు మీసం దువ్వుకున్నాడు.

జాముసేపు గడిచింది. బావ లేచి గిడ్డయ్య మగ్గం దగ్గరికి పోయి, నేసిన బట్ట మీద వేలు పెట్టి రాశాడు. మూరెడు పొడుగున పడుగు పోగు, అంటే నిలువు దారం, ఒకటి లేదు. ఎప్పుడో తెగింది. గిడ్డయ్యకు తెలియలేదు.

మగ్గం మీద కూర్చున్నవాడు సగం కళ్ళతో, సగం చెవులతో నేస్తాడు. పోగు తెగితే చిన్నగా టప్ మంటుంది. నూలు మోసే నాడె సరిగ్గా పోకపోతే చప్పుడు మారుతుంది. మగ్గం ఏదో ఒకటి చెప్తూనే ఉంటుంది. ఆ మాటను జాతర మిషను మింగేసింది.

"ఈ చీర ఎవురు కడతారప్పా?" అన్నాడు బావ. గిడ్డయ్య తల దించుకున్నాడు. బావ ఏసేపు వైపు తిరిగాడు. "చిన్నదైతే రేడియో ఇనపడ్లేదు, పెద్దదైతే మగ్గం ఇనపడ్లేదు. మగ్గం మాట ఇనపడకుంటే మేము గుడ్డోళ్లమే. నీ తప్పు కాదు ఏసేపూ. అన్నీ ఇప్పేసెయ్."

ఏసేపు మిషను ఆపాడు. అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "సరేన్నా. రేపొచ్చి ఇప్పేస్తా. మేకుల తూట్లు గూడా పూడ్చి పోతా. ఇంగ కోలారుకు పోయేదే."

నమ్మి లోపలికి పిలిచిన ఒక్క ఇల్లూ విప్పెయ్యమంటే, ఇక ఏ ఇల్లు పిలుస్తుంది? నేను గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాను. అప్పుడు మాట్లాడింది ఎవరనుకున్నారు? మా అత్త.

"అన్నీ ఎందుకిప్పాల? నిన్న పొద్దున పాటలు బాగానే ఇన్యానే. ఈ పొద్దే తల పగిలింది."

మగవాళ్ళందరూ ఆవిడ వైపు చూశారు. "యాడ ఇన్యావు?" అన్నాడు బావ.

"నడిమింట్లో. రాట్నం కాడ."

"నిన్న మాకెవురికీ ఇనపడ్లేదు గదమ్మా!"

"మమ్మల్ని అడిగితే గదా చెప్పేది!" నాకు ఒక్కసారిగా కోపం పొంగుకొచ్చింది. "రెండు దినాలైంది, మీ చెవుల గురించే మీ ఏడుపు. నడిమింట్లో రెండు ప్రాణాలుండాయని ఒక్కరైనా అడిగినారా? రాట్నం తిరుగుతాంటే, ఆరు మగ్గాలు మోగుతాంటే గూడా మాకు ప్రతి మాటా ఇనపడింది. ఆ చిన్న మిషనుతోనే."

ఏసేపు చటుక్కున లేచాడు. "అమ్మా, మీ పెట్టె దూలం పక్కనే గదా ఉండేది?"

ఇక దాచి లాభం లేదు. "కాదప్పా. దీపపు గూట్లో ఉండాది. నాకు అందలేదు. అందరిముందరా చెప్పడానికి సిగ్గై, అయిందని అబద్ధం చెప్పినా."

"ఎంత ఎత్తు?"

"కూసుంటే నా చెవి కాడికి."

ఏసేపు నన్ను చూశాడు, దూలం పక్కన తను కట్టిన పెట్టెను చూశాడు, కింద మగ్గం మీద కూర్చున్న గిడ్డయ్య తలను చూశాడు. చేత్తో నుదురు కొట్టుకుని గట్టిగా నవ్వాడు. "గుంతలో కాళ్లు పెట్టి కూసున్నోని చెవి నేలకు మూడడుగులు లేదు. నేను రెండు దినాల నుంచి దూలాలకు పాటలు ఇనిపిస్తాండా నరసన్నా!"

మా ఇళ్ళలో ప్రతి రెండు మగ్గాల నడుమ గోడకు ఒక దీపపు గూడు ఉంటుంది. ఆ సాయంత్రం పొద్దుగూకే లోపల మూడు పెట్టెలూ దూలాల నుంచి దిగి గూళ్ళలో కూర్చున్నాయి. పెద్ద మిషను బయటికి పోయింది, చిన్నది లోపలికి వచ్చింది. ఈసారి ఏసేపు మగ్గాలు ఆపనివ్వలేదు. ఆరూ ఆడుతుంటేనే రేడియో పెట్టాడు. బావ తన మగ్గం మీద కూర్చుని జానెడు నేశాడు. తలెత్తకుండానే, "ఇనపడ్తాండాది," అన్నాడు. ఇంకో నాలుగు పోగులు నేసి, "రెండూ," అన్నాడు. ఆయన నోటి నుంచి అది పెద్ద పొగడ్త.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అయిపోలేదు.

వారం తిరక్కముందే మా వీధిలో మూడు ఇళ్ళవాళ్ళు ఏసేపును పిలిచారు. నాకెంతో సంతోషమైంది. తీరా చూస్తే ఏమైందో తెలుసా? నరసన్న ఇంట్లో చేసినట్లే చెయ్యమన్నారు. మగ్గాల గదుల్లోకి రా, లోపలింట్లోకి మాత్రం రావద్దు, చిన్నన్న పెళ్ళాన్ని పంపిస్తే ఆమే కడుతుంది, నువ్వు గడప అవతలి నుంచి చెప్పు అని. మా అత్త పెట్టిన కట్టడి ఊరి కట్టడి అయి కూర్చుంది. దానికి దారి చూపించింది ఎవరు? నేనే. నేను కడతానని ఎగిరింది నేనే.

ఆ మూడిళ్ళకూ పోయి కట్టాను. మూడో ఇంట్లో నేను స్క్రూ బిగిస్తుంటే, గడప అవతల నిలబడి చెప్తున్న ఏసేపు మధ్యలో ఆగిపోయాడు. "నీకంతా వచ్చేసింది గదమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంగ నేను గడప బయట నిలబడి చెప్పేదేముండాది? మా తమ్ముడు చెప్పిన నెల శుక్రవారంతో అయిపోతాది, ఆ దాకా చూస్తా. ఆ మళ్లా కోలారుకు రైలెక్కుతా." అతని మాటలో కోపం లేదు. కోపమన్నా ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం అత్త వంటింట్లో ఉన్నప్పుడు, నేను గూట్లోంచి పెట్టెను కొంచెం ముందుకు లాగి, ఒక స్క్రూ వదులు చేసి, వైరు కొన బయటికి తీసి, మళ్ళీ వెనక్కి తోసేశాను. అది సోమవారం.

మా అత్తకు అప్పటికి రేడియో పిచ్చి పట్టింది. పొద్దున భక్తిపాటలు లేనిదే రాట్నం ముట్టేది కాదు. గురువారం హరికథ వస్తుందంటే బుధవారమే పప్పు రుబ్బి పెట్టుకునేది. సోమవారం సాయంత్రం పెట్టె పలకకపోయేసరికి, "ఏమే, ఇది మూగపోయింది, చూడు," అంది.

"నాకేం తెల్సు అత్తా?"

"నువ్వే గదా కట్టినావు!"

"ఆయన చెప్తాంటే కట్టినా. చెడిపోయినప్పుడు ఏం చెడిందో చూడకుండా ఆయనెట్ల చెప్తాడు, నేనెట్ల కడతా?"

మంగళవారం పెట్టెను రెండు దెబ్బలు కొట్టి చూసింది. బుధవారం వెనక గది తలుపు పక్కన నిలబడి చెవి ఒగ్గింది. మగ్గాల చప్పుడే వచ్చింది. గిడ్డయ్య చూసి, "ఏమవ్వా, లోపలికి రా, ఇందువు," అన్నాడు. మగవాళ్ళ మధ్య ఆవిడెట్లా కూర్చుంటుంది? మూతి ముడుచుకుని వచ్చేసింది. ఆ రెండు రోజులూ ఆవిడ ముఖం చూస్తే నాకే జాలేసింది. రెండుసార్లు స్క్రూ బిగించేద్దామని చేయి పోయింది కూడా. కోలారు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

గురువారం హరికథకు ఇంకా గడియ ఉందనగా, రాట్నం ఆపి, నా వైపు చూడకుండా అంది. "పిలిపించు ఆయప్పను."

"అరుగు మీదికా?"

"అరుగు మీద కూసోని గోడలు చూస్తాడా? లోపలికే రమ్మను."

మా ఆయన పోయి పిలుచుకొచ్చాడు. ఏసేపు అలవాటుగా వెనక గది గడప దగ్గర ఆగి, "ఏం చెడిందమ్మా?" అన్నాడు. మా అత్త లేచి, నీళ్ళ కడవల మీద మూతలు సర్ది, పక్కకు జరిగి నిలబడింది.

"లోపలికొచ్చి చూడప్పా," అంది.

ఏసేపుకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. తర్వాత మెల్లగా కుడికాలు లోపల పెట్టాడు. వచ్చి గూడు ముందర కూర్చున్నాడు. పెట్టెను ముందుకు లాగి వెనక్కి చూశాడు. స్క్రూ సగం పైకి లేచి ఉంది, వైరు కొన నీటుగా పక్కన పడి ఉంది. దానంతటది ఊడే అతుకు కాదని తెలియడానికి అతనికి ఒక్క చూపు చాలు. తల తిప్పి నా వైపు చూశాడు. నేను రాట్నం వైపు చూశాను.

"ఎలుక కొరికిందవ్వా," అన్నాడు.

"మా ఇంట్లో ఎలుకలా?"

"అవునవ్వా. వైరు రుచి మరిగిన ఎలుక ఇంగ ఊరుకోదు. నెలకొకసారన్నా నేనొచ్చి చూస్తాండాల."

స్క్రూ బిగించాడు. హరికథ అప్పుడే మొదలైంది, చిడతల సద్దు నడిమిల్లంతా నిండింది. మా అత్త ఆ పెట్టెను చూసింది, ఏసేపును చూసింది, చివరికి నన్ను చాలాసేపు చూసింది. ఆవిడ అమాయకురాలు అని నేను ఏనాడూ అనుకోలేదు.

"ఎలుక సంగతి నేను చూసుకుంటాలే," అంది. "నువ్వు మాత్రం నెలనెలా వచ్చి పోతాండు మేస్త్రీ."